రేవులో స్వాగతం

శాంతి నిలపడానికని 1987 జూలైలో మన సైన్యం శ్రీలంకకు వెళ్లింది. అక్టోబరు నాటికి ఎల్.టి.టి.ఇ.తోనే పోరాడవలసి వచ్చింది. 1989 జూన్‌లో అధ్యక్షుడు ప్రేమదాస, జూలై 29లోగా వెళ్లిపొమ్మన్నారు. రాజీవ్ గాంధీ ఆ గడువుకు ఒప్పుకోలేదు. తమిళుల రక్షణకు హామీ ఏదన్నారు. అడగవలసిన ప్రశ్నే. కాని వాదన సాగినన్నాళ్లూ జవానుల ఇళ్లలో టెలిగ్రాం అంటే గుండెదడే.

డిసెంబరులో వచ్చిన వి.పి. సింగ్ ప్రభుత్వం ఉపసంహరణ పూర్తిచేసింది. 1990 మార్చి 24న చివరి దళం ట్రింకోమలీ విడిచింది. సుమారు 1,200 మంది తిరిగి రాలేదు. వచ్చినవారికి మద్రాసు రేవులో స్వాగతం చెప్పడానికి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. తమిళులను చంపిన సైన్యమని ఆయన అభ్యంతరం. పంపింది ఢిల్లీ, జవానులు కాదు కదా!

మరణించినవారి పేర్లతో తరువాత కొలంబో దగ్గర స్మారకం కట్టారు, వెళ్లిపొమ్మన్న దేశంలోనే.