జపానువారి పలకరింపులు

మన 'నమస్కారం' లాగా ఏ వేళకైనా, ఎవరికైనా చెల్లే పలకరింపు జపాను భాషలో లేదు. ఉదయం 'ఒహాయో' అంటారు. 'పెందలాడే' అనే అర్థమున్న మాట నుంచి వచ్చిందది. పెద్దవాళ్ళతోనైతే 'గొజాయిమాసు' చేర్చాలి, మనం 'అండి' చేర్చినట్లు. పగలు 'కొన్నిచివ', పొద్దుగూకాక 'కొంబన్‌వ'. వీటి అర్థం 'ఈ రోజు...', 'ఈ రాత్రి...' అని మాత్రమే! మిగతా సగం వాడుకలో రాలిపోయింది. ఇంట్లోవాళ్ళతో మాత్రం 'కొన్నిచివ' అనరు. కరచాలనం కంటే నడుం వంచడమే రివాజు. మామూలుగా 15 డిగ్రీలు, గౌరవానికి 30, మరీ పెద్ద గౌరవానికో క్షమాపణకో 45 అని నేర్పుతారు.

నన్ను ఆశ్చర్యపరచినవి వేరే. ఇల్లు కదిలేవాడు 'ఇత్తె కిమాసు' అంటాడు. 'ఇత్తె' అంటే వెళ్ళి, 'కిమాసు' అంటే వస్తాను. అచ్చం మన 'వెళ్ళొస్తాను'! ఇంట్లోవాళ్ళు 'ఇత్తెరాష్షాయి', అనగా 'వెళ్ళిరా' అంటారు. దారిలో ఇరుగుపొరుగువారు 'ఒదెకాకె దెసు క?' (బయటికి బయలుదేరారా?) అని అడుగుతారు. 'చొత్తొ సొకొమాదె' (ఇదిగో, ఇక్కడిదాకా) అంటే చాలు. ఎక్కడికో చెప్పనక్కరలేదు.

మా నాన్నగారు పొలం గట్టుమీద ఎవరు కనబడినా 'ఎందాకా?' అంటారు. హాస్టల్లో ఆ మాట నా నోట వస్తే 'పల్లెటూరి ఆరా' అని నవ్వుతారు. అది ఆరా కాదు మిత్రులారా, ఆదరం! 1964లోనే బుల్లెట్ రైలు నడిపిన దేశం అలాంటి పలకరింపును వదులుకోలేదు. 'హలో' అందాం, కాదనను. 'ఎందాకా' అనడానికి సిగ్గెందుకు?