క్యాను మెరిసింది, పాలు విరిగాయి

పెనుకొండ దగ్గర ఒక పల్లె. ఒక అక్క తెల్లవారకముందే లేచింది. ఆవు పాలు పిండింది. స్టీలు క్యానులో పోసి పాలకేంద్రానికి తీసుకుపోయింది. అక్కడ కొంచెం పాలు కాచి చూశారు. విరిగిపోయాయి.

"ఈ పాలు వద్దమ్మా" అన్నారు.

ఆరు లీటర్లు! పిండిన కష్టమంతా నేలపాలైంది.

"దిష్టి తగిలింది" అంది అత్త. "నీళ్లేమైనా కలిపినావా?" అన్నాడు మొగుడు. అక్క కళ్లనీళ్లు పెట్టుకుంది. "రోజూ తోముతాను. క్యాను అద్దం మాదిరి మెరుస్తుంది. ఇంకేం చేయాలి?" అంది.

మరుసటి రోజు క్యానును ఎండలో బాగా ఆరబెట్టింది. లోపలికి తొంగి చూసింది. అడుగున, మెడ దగ్గర తెల్లని మచ్చలు ఉన్నాయి. గోటితో గీకితే పొడి రాలింది. తడిగా ఉన్నప్పుడు అవి కనబడనే లేదు!

అదే పాలగార.

గార ఎట్లా వస్తుంది?

పాలలో వెన్న ఉంటుంది. మాంసకృత్తులు ఉంటాయి. సున్నం కూడా ఉంటుంది. సరిగా కడగకపోతే ఇవి స్టీలుకు అంటుకుంటాయి.

మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పల్లెల్లో వానలు తక్కువ. చాలా చోట్ల బోరు నీళ్లే దిక్కు. కొన్ని బోరు నీళ్లలో సబ్బు నురగ రాదు. పప్పు తొందరగా ఉడకదు. ఆ నీళ్లలోనూ సున్నం ఉంటుంది. పాల సున్నం, నీళ్ల సున్నం కలిసి పొర మీద పొర కడతాయి. మన పళ్లకు గార పట్టదా? ఇదీ అట్లాంటిదే.

ఆ పొరలో కంటికి కనబడని క్రిములు దాక్కుంటాయి. అరగంటకు ఒక క్రిమి రెండు అవుతుందనుకోండి. గంటకు నాలుగు. 5 గంటలకు 1,024! అందుకే పొద్దున పిండిన పాలు కేంద్రానికి చేరేలోగా పులుస్తాయి. కాస్తే విరుగుతాయి. ఇందులో దిష్టి లేదు.

జిడ్డుకు సోడా, గారకు పులుపు

ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. సోడాకు జిడ్డు పోతుంది, గార పోదు. పులుపుకు గార కరుగుతుంది, జిడ్డు పోదు. రెండూ కావాలి.

1. పాలు పోసిన వెంటనే క్యానును మామూలు నీళ్లతో తొలచండి. ముందే వేడి నీళ్లు పోయవద్దు. వేడికి గుడ్డు గట్టిపడినట్లు పాలు స్టీలుకు గట్టిగా పట్టుకుంటాయి.

2. తరువాత లీటరు వేడి నీళ్లకు ఒక చెంచా బట్టల సోడా కలపండి. బ్రష్షుతో రుద్దండి. సోడా చేతులకు మంట పెడుతుంది, జాగ్రత్త.

3. మూత రబ్బరు వాషరు ఊడదీసి విడిగా కడగండి. వాసన ఎక్కువగా అక్కడే ఉంటుంది.

4. మంచి నీళ్లతో రెండుసార్లు తొలచండి.

5. వారానికి ఒకసారి లీటరు గోరువెచ్చని నీళ్లకు రెండు చెంచాల నిమ్మఉప్పు కలపండి. ఆ నీళ్లతో లోపలంతా తడపండి. పావుగంట ఉంచి, రుద్ది, తొలచండి.

6. కర్రల మీద బోర్లించి ఎండలో ఆరబెట్టండి. చీర కొంగుతో తుడవవద్దు. కొంగులోని మురికి క్యానులోకి పోతుంది.

ఇవి చేయవద్దు

స్టీలు ఇనుములో క్రోమియం అనే లోహం కలిపి చేస్తారు. దానివల్ల స్టీలు మీద కంటికి కనబడని పలుచని పొర ఉంటుంది. తుప్పు పట్టకుండా కాపాడేది అదే.

ఇసుకతో, ఇనుప పీచుతో తోమితే గీతలు పడతాయి. గీతల్లో పాలు దాక్కుంటాయి. ఇనుప పీచు తునకలు అంటుకుని తుప్పు మరకలు వస్తాయి. ఉప్పు, బ్లీచింగు నీళ్లు నిలవ ఉంచితే సన్నని గుంతలు పడతాయి.

బ్లీచింగు పౌడరును నిమ్మఉప్పుతో ఎన్నడూ కలపవద్దు. విషవాయువు వస్తుంది. ఊపిరికి ప్రమాదం.

శుభ్రమైందని ఎట్లా తెలుస్తుంది?

కడిగిన క్యానులో నీళ్లు పోసి వంచండి. నీళ్లు ఒకే పొరగా జారితే జిడ్డు లేనట్లు. చుక్కలు చుక్కలుగా నిలిస్తే జిడ్డు ఉన్నట్లు. ఆరిన తరువాత తెల్లమచ్చలు కనబడితే గార ఉన్నట్లు. మూత తీసి వాసన కూడా చూడండి.

ఆ అక్క ఇట్లాగే చేసింది. పాలకేంద్రంలో మళ్లీ పాలు కాచి చూశారు. ఈసారి విరగలేదు. అక్క ఇంటికి వచ్చి అత్తకు క్యాను మూత తీసి చూపించింది. "దిష్టి ఇక్కడుండె అత్తా, కడిగేసినా" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆలోచించండి, రాయండి

మీ ఊరి నీళ్లలో సబ్బు నురగ వస్తుందా?
మీ క్యాను ఆరిన తరువాత లోపల ఏ రంగు కనబడింది?
జిడ్డుకు ఏమి వాడాలి? గారకు ఏమి వాడాలి?