ఇస్రో క్యాంప్ తొమ్మిదిలో.. లెక్క మాత్రం ఎనిమిదిలోనే

రంజాన్ నెలవంక కోసం మేడ ఎక్కే పిల్లల ప్రశ్నలకు అంతుండదు. చాంద్ ఈ రోజు ఎందుకు కనిపించలేదు? రేపు ఎంతసేపు ఉంటుంది? ఈ ప్రశ్నలు ఎక్కువగా ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల వయసులోనే వస్తాయి. బడిలో సైన్స్ టీచర్ ఉన్నా టెలిస్కోప్ ఉండటం అరుదు. ఆ లోటు తీర్చగలిగేవి యూనివర్సిటీలు.

ఇందుకోసం ఒక పథకం ముందే ఉంది. 2015 జూలై 9న మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలాం ఢిల్లీలో రాష్ట్రీయ ఆవిష్కార్ అభియాన్‌ను ప్రారంభించారు. సరిగ్గా 18 రోజులకు ఆయన కన్నుమూశారు. ఐఐటీలు, యూనివర్సిటీలు సర్కారు బళ్లకు మెంటార్లుగా ఉండాలన్నది దీని ఉద్దేశం. అంటే ప్రొఫెసర్లు బడికి రావొచ్చు, పిల్లలు వాళ్ల ల్యాబ్‌కు వెళ్లొచ్చు, టీచర్లకు ట్రైనింగ్ ఇవ్వొచ్చు. తర్వాత దీన్ని సమగ్ర శిక్షలో కలిపారు. నల్గొండలో మహాత్మా గాంధీ యూనివర్సిటీ, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ ఉన్నాయి కాబట్టి దూరం అనే సాకు ఇక్కడ చెల్లదు. హెడ్మాస్టర్ ఒక ఉత్తరం రాయాలి, రాయమని తల్లిదండ్రులు అడగాలి.

ఆకాశం చదువు ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండ్ నుంచి టెలిస్కోప్ తెప్పించి హైదరాబాద్‌లో నిజామియా అబ్జర్వేటరీ పెట్టారు. అది తర్వాత ఉస్మానియా యూనివర్సిటీ చేతికి వచ్చింది. ఇబ్రహీంపట్నం వైపు జాపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా 48 అంగుళాల టెలిస్కోప్ నిలబెట్టింది. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణానికి శాస్త్రవేత్తలు అక్కడికే వచ్చారు. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండిన షాద్‌నగర్‌లో అయితే ఉపగ్రహాల డేటా అందుకునే ఇస్రో స్టేషనే ఉంది. ఇంత దగ్గర్లో ఇన్ని ఉన్నా వాటి పేర్లు కూడా వినని పిల్లలు ఎంతమందో!

ఇక అసలు విషయం. ఇస్రో 2019 నుంచి నడుపుతున్న యువికా క్యాంప్ తొమ్మిదో తరగతి పిల్లలకు. సుమారు రెండు వారాలు, మే నెలలో. హైదరాబాద్‌లోని ఎన్ఆర్ఎస్సీ కూడా ఒక సెంటర్. ఎంపికలో ఎనిమిదో తరగతి మార్కులకే 50 శాతం వెయిటేజీ ఇస్తారు. ఆన్‌లైన్ క్విజ్, సైన్స్ ఫెయిర్, ఒలింపియాడ్‌లకు కొంత, పల్లె బళ్లలో చదివేవాళ్లకు విడిగా కొంత ఉంటుంది. అందుకే తొమ్మిదిలోకి వచ్చాక మొదలుపెడితే సగం లెక్క అప్పటికే ముగిసినట్టే. ఆరో తరగతి నుంచే సైన్స్ ఫెయిర్‌లకు పంపితే ఆ సర్టిఫికెట్లు తర్వాత పనికొస్తాయి.

ఖర్చు సంగతి చాలామందికి భయం. తిండి, బస, ప్రయాణం అన్నీ ఇస్రోవే. ఆడపిల్లను ఒంటరిగా ఎలా పంపాలి అనే అమ్మీ-అబ్బాలకు ఇంకో మాట: దింపడానికి, తీసుకెళ్లడానికి వచ్చే ఒకరికి కూడా రైలు చార్జీ ఇస్తారు. ఇటీవలి ఏళ్లలో రిజిస్ట్రేషన్ ఫిబ్రవరి-మార్చిలో ఇస్రో వెబ్‌సైట్‌లో తెరుస్తున్నారు. బడి హెడ్ సంతకం చేసిన సర్టిఫికెట్ కావాలి, అది జనవరిలోనే అడిగి పెట్టుకుంటే మంచిది.