కువైట్ నుంచి తెచ్చిన డీవీడీ కంప్యూటర్‌లో ఆడటం లేదా? పారేసే ముందు ఇవి చూడండి

కడప జిల్లా నుంచి కువైట్, సౌదీ, దుబాయ్‌కి పనికి పోయినవాళ్లు ఎందరో. సెలవుల్లో వచ్చేటప్పుడు పిల్లలకు కార్టూన్ డీవీడీలు, అరబీ నేర్పే డిస్కులు, హజ్ విధానం చూపించే వీడియోలు తెచ్చేవారు. ముద్దనూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు చాలా ఇళ్లలో అవి ఇప్పటికీ బీరువాలో ఉంటాయి. ఈ రోజు తీసి కంప్యూటర్‌లో వేస్తే ఆడవు. "డిస్కు పోయింది" అని ఒకరంటారు, "డ్రైవ్ మార్చాలి" అని ఇంకొకరంటారు. చాలాసార్లు రెండూ బాగానే ఉంటాయి. అడ్డం పడేది డిస్కు మీద కంపెనీ వేసిన తాళం. ఆ సంగతి తెలియక మంచి డిస్కు పారేసినా, మంచి డ్రైవ్ మార్చినా నష్టం మనకే.

ముందు తేల్చుకోవాల్సింది

డిస్కు వేసి, కంప్యూటర్‌లో డ్రైవ్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి ఓపెన్ చేయండి. లోపల "వీడియో_టీఎస్" అనే ఫోల్డర్ కనిపిస్తే డ్రైవ్ ఆ డిస్కును చదువుతున్నట్టే. అప్పుడు సమస్య తాళంలోనో, ప్లేయర్‌లోనో ఉంటుంది. ఏమీ కనిపించకపోతే ఇంకో డిస్కు వేసి చూడండి. అది కనిపిస్తే మొదటి డిస్కు మురికిగా ఉందో, గీతలు పడ్డాయో చూడాలి. మెత్తటి నూలు గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు నేరుగా తుడవండి, గుండ్రంగా తిప్పొద్దు. ఏ డిస్కూ కనిపించకపోతేనే డ్రైవ్‌ను అనుమానించాలి. యూఎస్‌బీ వైరుతో పెట్టే బయటి డ్రైవ్ అయితే కరెంటు చాలకపోయి ఉండొచ్చు. ఇంకో పోర్టుకు మార్చి చూడండి.

మొదటి తాళం: గజిబిజి చేసిన సమాచారం

కంపెనీలు అమ్మే సినిమా డీవీడీల్లో చాలావాటికి సీఎస్ఎస్ అనే తాళం ఉంటుంది. బొమ్మ, శబ్దం అంతా గజిబిజి చేసి రాస్తారు. దాన్ని విప్పే తాళంచెవులు డిస్కు మీదే ఒక ప్రత్యేక భాగంలో ఉంటాయి. అందుకే ఫైళ్లను మామూలుగా కాపీ చేసి ఖాళీ డిస్కులోకో, పెన్‌డ్రైవ్‌లోకో ఎక్కిస్తే తాళంచెవి వెనకే ఉండిపోతుంది. తెర మీద పచ్చగా, ఊదాగా ముక్కలు ముక్కలు కనిపిస్తాయి. ఇంకొన్ని డిస్కుల్లో కావాలనే చెడ్డ భాగాలు పెడతారు. కాపీ చేయబోతే "చదవలేకపోతున్నాం" అని ఎర్రర్ వస్తుంది గానీ, మెనూ నుంచి ప్లే చేస్తే బాగానే ఆడుతుంది. ఆ ఎర్రర్ చూసి డిస్కు చెడిపోయిందనుకోవద్దు.

రెండో తాళం: రీజియన్

కువైట్ డిస్కులకు ఎక్కువగా అడ్డం పడేది ఇదే. డీవీడీల కోసం ప్రపంచాన్ని భాగాలుగా పంచి నంబర్లు ఇచ్చారు. ఇండియా, పాకిస్తాన్ 5. కువైట్, సౌదీ, దుబాయ్, యూరప్ 2. అమెరికా, కెనడా 1. డిస్కు కవర్ వెనక భూగోళం బొమ్మ మీద ఈ నంబరు ఉంటుంది. "ఆల్" అని ఉంటే ఎక్కడైనా ఆడుతుంది. మన సినిమాల డీవీడీలు చాలావరకు అలా వచ్చినవే. కాబట్టి ఇక్కడ కొన్న తెలుగు, హిందీ సినిమా ఆడి, అక్కడి నుంచి తెచ్చిన కార్టూన్ ఆడకపోతే ముందు రీజియన్ చూడండి.

మీ డ్రైవ్ నంబరు తెలుసుకోవడం సులువే. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైజ్ మేనేజర్ తెరవండి. డీవీడీ డ్రైవ్ పేరు మీద రెండుసార్లు నొక్కితే "డీవీడీ రీజియన్" అనే ట్యాబ్ వస్తుంది. ఇప్పుడున్న నంబరు, ఇంకా ఎన్నిసార్లు మార్చుకోవచ్చో రెండూ అక్కడే ఉంటాయి.

ఇక్కడ తొందరపడొద్దు. మార్చడానికి మొత్తం 5 అవకాశాలే. ఐదోసారి పెట్టిన నంబరే ఆ డ్రైవ్‌కు శాశ్వతం. ఈ లెక్క డ్రైవ్ లోపలే ఉంటుంది కాబట్టి విండోస్ మళ్లీ వేసినా, కంప్యూటర్ మార్చినా తిరిగి రాదు. పిల్లలు ఒకరోజు కార్టూన్ కోసం 2కి, మర్నాడు ఇంకోదాని కోసం 5కి మారుస్తూ పోతే వారంలో అయిపోతాయి. ఇంట్లో కువైట్ డిస్కులు చాలా ఉంటే ఇంకో బయటి డ్రైవ్ కొని దాన్ని 2లో ఉంచేయండి. లోపలిది 5లోనే ఉండనివ్వండి.

తాళం కాదు, ప్లేయరే లేదు

విండోస్ 7 హోమ్ ప్రీమియంలో డీవీడీ ఆడించే సాఫ్ట్‌వేర్ ఉండేది. 2012లో విండోస్ 8 నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని మామూలుగా ఇవ్వడం మానేసింది. పాత కంప్యూటర్‌లో ఆడిన డిస్కు కొత్తదాంట్లో ఆడకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. దీనికి వీఎల్‌సీ ప్లేయర్ సరిపోతుంది. ప్యారిస్‌లో ఇంజినీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైన ఈ ప్లేయర్ పూర్తిగా ఉచితం. సీఎస్ఎస్ తాళాన్ని అది తనంతట తానే విప్పుకుంటుంది. రీజియన్ తేడా ఉన్నా చాలా డ్రైవ్‌లలో ఆడిస్తుంది. కొన్ని డ్రైవ్‌లు మాత్రం నంబరు కలవకపోతే దానికీ ఒప్పుకోవు. అందుకే నంబరు మార్చే ముందు వీఎల్‌సీతో ఒకసారి చూడండి, ఒక అవకాశం మిగులుతుంది.

వీఎల్‌సీని వీడియోలాన్ వాళ్ల సొంత సైట్ నుంచే దించుకోండి. "మీ కంప్యూటర్‌లో కోడెక్ లేదు, ఇది వేసుకోండి" అని ఎగిరొచ్చే ప్రకటనలు నొక్కితే వైరస్ వచ్చే ప్రమాదం ఉంది.

డ్రైవ్, డీకోడర్, వీడియో కార్డు మధ్య కాపీ రక్షణ సమస్య ఉందని విండోస్ మీడియా ప్లేయర్ చెబితే, టీవీకి కలిపిన వైరు తీసి చూడండి. తర్వాత గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేయండి. చాలావరకు అక్కడే తేలిపోతుంది.

చట్టం ఏమంటుంది?

మన కాపీరైట్ చట్టానికి 2012లో 65ఏ సెక్షన్ చేర్చారు. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం విప్పితే రెండేళ్ల వరకు జైలు, జరిమానా ఉంటాయి. ఇక్కడ ఉద్దేశం అనే మాట ముఖ్యం. డబ్బు పెట్టి కొన్న డిస్కును ఇంట్లో చూసుకోవడం వేరు. దాన్ని కాపీలు తీసి బజార్లో అమ్మడం వేరు. రెండోది నేరం. పరాయి సొత్తు మీద సంపాదించడం దీన్‌లోనూ మంచిది కాదని మనకు తెలిసిందే.

నికాహ్ డీవీడీ మాత్రం ఆపొద్దు

స్టూడియోవాళ్లు ఇచ్చిన నికాహ్, వలీమా డీవీడీలకు మామూలుగా ఈ తాళాలేవీ ఉండవు. కానీ అసలు తొందర పడాల్సింది వాటి గురించే. సినిమా డిస్కు అచ్చు వేసినది. పెళ్లి డిస్కు రంగు పూత మీద లేజర్‌తో రాసినది. వేడికి, వెలుతురుకు ఆ పూత మెల్లగా పాడవుతుంది. మన ఎండాకాలం సంగతి చెప్పేదేముంది! పోయిన దాదీ గొంతు, అబ్బా దుఆ చేస్తున్న దృశ్యం ఆ ఒక్క డిస్కులోనే ఉంటే, అది పోయాక ఏ షాపూ తెచ్చివ్వలేదు.

వీడియో_టీఎస్ ఫోల్డర్ మొత్తం కంప్యూటర్‌లోకి కాపీ చేయండి. మామూలు డిస్కు 4.7 జీబీ, కాబట్టి 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో మూడు పడతాయి. ఆ ఫోల్డర్ వీఎల్‌సీలో అలాగే ఆడుతుంది. ఒక కాపీ ఇంట్లో, ఒకటి కువైట్‌లో ఉన్న అన్న దగ్గర ఉంచండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో డీవీడీ డ్రైవ్ ఉండటమే అరుదైపోయింది. డ్రైవ్ ఉన్న కంప్యూటర్ ఇంట్లో ఉండగానే ఈ పని చేసుకోండి.