హిమవంతుని శిఖరమున తెలుగు బాలిక

పార్వతీదేవి తపస్సునకు పోవ నిశ్చయించినపుడు తల్లి మేనక "ఉ, మా" అని, అనగా "అమ్మా, వద్దు" అని వారించుటచేతనే ఆమెకు ఉమ యను పేరు కలిగెనని కాళిదాసు కుమారసంభవమున చెప్పియున్నాడు. ఆడుబిడ్డకు కొండదారిలో మొదట ఎదురగునది మంచు కాదు, తల్లి నోటి "వద్దు" అను మాటయే. అది ప్రేమచే పుట్టినదే యైనను, దానిని దాటి పంపిన తల్లులును మన దేశమున కలరు.

నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమున వ్యవసాయకూలీలైన లంబాడీ దంపతులు దేవీదాసు, లక్ష్మి గారల కుమార్తె మాలావత్ పూర్ణ 2014 మే 25వ తేదీన ఎవరెస్టు శిఖరమున కాలు మోపెను. అప్పటికామె వయసు 13 సంవత్సరముల 11 మాసములు. అంత పిన్నవయసున అచ్చటికి చేరిన బాలిక అంతకు మున్ను లేదు. ఖమ్మము ప్రాంతపు బాలుడు సాధనపల్లి ఆనందకుమార్ ఆమెకు తోడుగా ఎక్కెను. స్త్రీలలో తొలుత 1975లో జపాను వనిత జుంకో తబెయి, భారతస్త్రీలలో తొలుత 1984లో బచేంద్రీ పాల్ ఆ శిఖరము నెక్కి త్రోవ చూపిరి. జుంకో తబెయి అప్పటికే చిన్నబిడ్డకు తల్లి.

ఇది వట్టి సాహసముచే సమకూరిన కార్యము కాదు. పూర్ణ అప్పుడు తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల విద్యార్థిని. ఆ గురుకులముల అప్పటి కార్యదర్శి ఆర్. ఎస్. ప్రవీణ్‌కుమార్ గారు ప్రోత్సహింపగా, శేఖర్‌బాబు గారి శిక్షణలో మొదట భువనగిరి కోటబండపై త్రాళ్లతో ఎక్కుట నేర్చెను. పిదప డార్జిలింగునందును, లడఖ్ చలిలోను అభ్యసించెను. 8,848 మీటర్ల యెత్తున గాలి ఒత్తిడి సముద్రతీరమున నుండుదానిలో మూడవవంతు మాత్రమే. కావున కొంత యెక్కుచు, మరల దిగుచు దేహమును మెల్లగా అలవాటు చేయవలెను. తొందరపాటు ప్రాణాంతకము. దారిలో మృతదేహములను చూచితినని పూర్ణయే చెప్పినది. అయినను వెనుదిరుగక, 2022 నాటికి ఏడు ఖండముల అత్యున్నత శిఖరములను ఎక్కి ముగించెను.

మా మైలార్‌దేవ్‌పల్లి చుట్టుపట్ల రాతిగుట్టలకు కొదువ లేదు. వానిపై కెగబ్రాకు మగపిల్లవానితో మనము "జాగ్రత్త" అందుము. ఆడుపిల్లతో "దిగు" అందుము. ఇకమీదట బిడ్డ ఎక్కుదునన్నపుడు, నేర్పువారెవరు, త్రాడు గట్టిదేనా, తోడెవరు అని విచారింతము. తగిన యుత్తరము దొరకినచో, "జాగ్రత్త తల్లీ" అని దీవించి పంపుదము.