కనెక్షన్ ఎక్కడ తెగింది?

చేపల చెరువులో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉండేది తెల్లవారుజామున. రాత్రంతా చేపలూ నాచూ దాన్ని వాడుకుంటూనే ఉంటాయి, ఎండ పడేదాకా కొత్తది పుట్టదు. ముదినేపల్లి, కైకలూరు వైపు చెరువులు చేసేవాళ్లకి ఇది ఒకరు చెప్పక్కర్లేదు. ఆ ఆక్సిజన్ కొలతల్ని గంట గంటకీ దాచే చిన్న ప్రోగ్రాం ఒకటి, గుడ్లవల్లేరులోనో మచిలీపట్నంలోనో ఇంజనీరింగ్ చదివే ముదినేపల్లి అమ్మాయి రాసిందనుకుందాం. లెక్కలకు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ని డాకర్ కంటైనర్‌లో పెట్టింది. ప్రోగ్రాం నడిపితే, డేటాబేస్‌కి కనెక్షన్ కుదరలేదని తెర మీద ఎర్రక్షరాలు.

ఇక్కడ చాలామంది మొదట పాస్‌వర్డ్ మారుస్తారు. కుదరకపోతే కంటైనర్‌ని తీసేసి మళ్లీ పెడతారు. అప్పటికీ కుదరకపోతే, ఎవరో చెప్పారని వాల్యూమ్ చెరిపేస్తారు. డేటా అంతా ఉండేది ఆ వాల్యూమ్‌లోనే. నెలల తరబడి పోగుచేసిన కొలతలు ఒక్క కమాండుతో పోతాయి. అసలు తప్పేమో చాలాసార్లు ఇంకెక్కడో ఉంటుంది.

కంటైనర్ వేరే కంప్యూటర్ కాదు. కింద నడిచే లినక్స్ కెర్నల్ అందరిదీ ఒకటే. ఫైళ్లు, నడిచే ప్రోగ్రాంల జాబితా, నెట్‌వర్క్ చిరునామా మాత్రం దేనివి దానికే. మనల్ని తికమకపెట్టేది ఈ చివరిదే. శివారు చేనుకి నీరందకపోతే కాలువ లస్కరు చేను దగ్గర తవ్వుతూ కూర్చోడు, ఎగువ నుంచి తూము తూమూ చూసుకుంటూ వస్తాడు. ఇక్కడా అంతే. మన అభ్యర్థన ఎందాకా వెళ్లి ఆగిందో ముందు తేలాలి. ఆ సంగతి ఎర్రక్షరాల్లోనే ఉంటుంది.

హోస్ట్ పేరు దొరకలేదంటే చిరునామాయే తెలియలేదని. టైమవుట్ అంటే అవతల నుంచి ఉలుకూ పలుకూ లేదని. చిరునామా తప్పయినా కావాలి, ఫైర్‌వాల్ అడ్డయినా పడాలి. కనెక్షన్ రిఫ్యూజ్డ్ అంటే యంత్రం దొరికింది, ఆ పోర్టులో వినేవాళ్లు లేరు. ఈ మూడింటిలో ఏది వచ్చినా, పాస్‌వర్డ్‌ని ఇంకా ఎవరూ చూడనే లేదు. పాస్‌వర్డ్ అథెంటికేషన్ ఫెయిల్డ్ అని వచ్చిందా, అది ఒక రకంగా శుభవార్తే: నెట్‌వర్క్ దారంతా బాగుంది, డేటాబేస్ మనతో మాట్లాడింది.

రిఫ్యూజ్డ్ రావడానికి పెద్ద కారణం లోకల్‌హోస్ట్. ఆ అమ్మాయి ప్రోగ్రాం కూడా ఒక కంటైనర్‌లోనే ఉంటే, దానికి లోకల్‌హోస్ట్ అంటే తన కంటైనరే. పక్క కంటైనర్‌లోని డేటాబేస్ కాదు, ల్యాప్‌టాప్ అసలే కాదు. డాకర్ కంపోజ్‌లో డేటాబేస్ సర్వీసుకి పెట్టిన పేరునే హోస్ట్‌గా రాయాలి. పోర్టు సంగతీ చూడాలి. 5433:5432 అని రాస్తే ఎడమది ల్యాప్‌టాప్‌ది, కుడిది కంటైనర్‌ది. కంటైనర్లు ఒకదానితో ఒకటి మాట్లాడేటప్పుడు 5432 వాడాలి, 5433తో పని లేదు.

తొందర కూడా ఒక కారణం. కంపోజ్ ఫైల్లో ప్రోగ్రాం డేటాబేస్ మీద ఆధారపడిందని రాసినంత మాత్రాన, డాకర్ రెండిటినీ వరసలో మొదలుపెడుతుందే గానీ డేటాబేస్ సిద్ధమయ్యేదాకా ఆగదు. హెల్త్‌చెక్ పెట్టి, అది నెగ్గాకే ప్రోగ్రాం మొదలవ్వాలని రాస్తే సరిపోతుంది.

ఇక లాగిన్. ఈ మెలిక తెలియకే ఎందరివో రాత్రులు పాడవుతున్నాయి. పోస్ట్‌గ్రెస్ అధికారిక ఇమేజ్, మనం సెట్టింగుల్లో ఇచ్చే పాస్‌వర్డ్‌ని ఒకే ఒక్కసారి చదువుతుంది: డేటా ఫోల్డరు ఖాళీగా ఉన్నప్పుడు, మొదటిసారి. తర్వాత ఆ సెట్టింగుల్లో ఏం మార్చినా పట్టించుకోదు, ఎందుకంటే పాత పాస్‌వర్డ్ వాల్యూమ్ లోపల నమోదై ఉంది. కంటైనర్‌ని ఎన్నిసార్లు తీసి పెట్టినా వాల్యూమ్ అదే, పాస్‌వర్డూ అదే.

అనుమానం తీర్చుకుందామని కంటైనర్ లోపలికి వెళ్లి పీఎస్‌క్యూఎల్ నడిపితే హాయిగా తెరుచుకుంటుంది. దాంతో పాస్‌వర్డ్ సరైనదే అనుకుంటాం. కానీ లోపలి నుంచి వచ్చే కనెక్షన్‌ని ఆ ఇమేజ్ పాస్‌వర్డ్ అడగకుండానే నమ్ముతుంది. ఆ పరీక్ష దేన్నీ తేల్చదు. అయితే మన మందు కూడా అక్కడే ఉంది. లోపలికి వెళ్లగలిగాం కాబట్టి, ఆల్టర్ యూజర్ ఆదేశంతో కొత్త పాస్‌వర్డ్ పెట్టేయవచ్చు. ఒక్క కొలత కూడా పోదు.

విండోస్‌లో ఇంకో చిక్కు. ఎప్పుడో క్లాసు కోసం ఎక్కించిన పోస్ట్‌గ్రెస్ 5432లోనే కూర్చుని ఉండవచ్చు. అప్పుడు పాస్‌వర్డ్ సరైనదే, అడుగుతున్నది మాత్రం తప్పు డేటాబేస్‌ని. కంటైనర్‌కి బయటివైపు 5433 ఇస్తే తేలిపోతుంది.

మన దగ్గర పేరు చివర @123 తగిలించి పాస్‌వర్డ్ పెట్టడం బాగా అలవాటు. అది భద్రం కాదన్నది అలా ఉంచితే, కనెక్షన్ యూఆర్ఎల్‌లో ఆ @ గుర్తు పాస్‌వర్డ్‌కీ హోస్ట్‌కీ మధ్య గీత. దాని తర్వాత ఉన్నదంతా హోస్ట్ పేరనుకునే లైబ్రరీలున్నాయి. అందుకే తప్పు పాస్‌వర్డ్‌దైనా, హోస్ట్ దొరకలేదనే సందేశం రావచ్చు. యూఆర్ఎల్‌లో ఆ @ గుర్తుని %40 అని రాయాలి. కంపోజ్ ఫైల్లో $ ఉంటే $$ అని రాయాలి.

పోస్ట్‌గ్రెస్ బదులు మైఎస్‌క్యూఎల్ వాడుతుంటే, అందులో వాడుకరి అంటే పేరొక్కటే కాదు, ఎక్కడి నుంచి వస్తున్నాడన్నదీ కలిపి. లోకల్‌హోస్ట్ రూట్ వేరు, బయటి నుంచి వచ్చే రూట్ వేరు. 1045 ఎర్రర్ కనిపిస్తే, ఎక్కడి నుంచి వస్తున్నామో కూడా చూడాలి.

వాడుకరి లేడా, పాస్‌వర్డ్ తప్పా అన్నది డేటాబేస్ బయటివాళ్లకి కావాలనే చెప్పదు, దొంగలకి ఆనవాలు దొరక్కూడదని. పోస్ట్‌గ్రెస్ రెండిటికీ ఒకటే సందేశం ఇస్తుంది, ఎస్‌క్యూఎల్ సర్వర్ 18456 అనే అంకె చూపిస్తుంది. అసలు కారణాన్ని దేనికది తన లాగ్‌లో రాసుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ లాగ్‌లో ఆ రోల్ లేనే లేదని కనిపిస్తే పేరు తప్పు. ఎస్‌క్యూఎల్ సర్వర్ లాగ్‌లో స్టేట్ 5 అంటే వాడుకరి లేడు, 8 అంటే పాస్‌వర్డ్ తప్పు. పోస్ట్‌గ్రెస్‌కైతే డాకర్ లాగ్స్ అని కొడితే చాలు, ఆ వాక్యం కనిపిస్తుంది. అంతా చూశాక కూడా వాల్యూమ్ చెరపక తప్పదనిపిస్తే, ముందు కంటైనర్ లోపలి నుంచి పీజీ డంప్‌తో డేటాని ఒక ఫైలుగా తీసి బయట దాచుకోవాలి. లోపల పాస్‌వర్డ్ అడగదు కాబట్టి అది ఎప్పుడైనా చేయగలిగిన పనే.