కట్టుబట్టలతో వచ్చేయడం తెరమీదే అందం!

హీరోయిన్ చేతి గాజులు తీసి బల్లమీద పడేస్తుంది. మెళ్ళో గొలుసు విసిరికొడుతుంది. "నీ సొమ్ము నాకేం అక్కర్లేదు!" అంటూ కట్టుబట్టలతో గడప దాటుతుంది. వెనక వయొలిన్లు... హాల్లో చప్పట్లు, ఈలలు! మనమూ కళ్ళు తుడుచుకుంటాం.

కానీ ఒక్కమాట. ఆ గాజులు వాళ్ళమ్మ పెట్టినవే గదా! మర్నాడు ఉద్యోగానికి వెళ్ళాలంటే డిగ్రీ సర్టిఫికెట్లేవీ? బీరువాలో వున్నాయి. బీరువా ఎక్కడుంది? ఆ యింట్లోనే! దర్శకుడు "కట్" అన్నాక మొదలయ్యే యీ కథ ఏ రీల్లోనూ కనబడదు.

ఆ కథ నేను దగ్గరుండి చూశాను. మా పెద్దమ్మ కూతురికి విడాకులు మంజూరయ్యాయి. నెల తిరిగినా సామానంతా గుంటూరులో ఆ యింట్లోనే వుండిపోయింది. "పోనీలేవే, మళ్ళీ ఆ గడప తొక్కకు" అంది పెద్దమ్మ. అక్క వినలేదు. "నా కుట్టుమిషను అక్కడుందమ్మా. ట్యూషన్లు చెప్పి కొనుక్కున్నది. రేపు నాకు అన్నం పెట్టేదీ అదే" అంది.

ఆ రాత్రి కూర్చుని జాబితా రాశాం. మొత్తం 31 వస్తువులు. సర్టిఫికెట్లు, బ్యాంకు పుస్తకం, నగలు, అమ్మమ్మ యిచ్చిన ఇత్తడి బిందె, మిషను... ఎప్పుడు రమ్మంటారో చెప్పమని అక్క మెసేజి పెట్టింది. ఆదివారం రమ్మని రాతపూర్వకంగా జవాబొచ్చాకే, యిరువైపులా తెలిసిన ఓ పెద్దాయన్ని వెంటబెట్టుకుని వెళ్ళాం.

తలుపు తీసినాయన్ని ఏమని పిలవాలో నాకు తోచలేదు. ఆరేళ్ళు "బావా" అన్న నోరు! ఆయనా ఇబ్బందిగానే నవ్వాడు.

ఒక్కో వస్తువుకీ టిక్కు పడుతోంది. గొలుసు దగ్గర మాత్రం పేచీ వచ్చింది. "అది మేం పెట్టింది" అన్నాడాయన. "పెళ్ళిలో కోడలికి పెట్టింది కోడలిదే గదయ్యా" అన్నాడు పెద్దాయన. గదిలో చప్పుడు లేదు. అంతలో లోపల్నుంచి వాళ్ళమ్మగారు వచ్చి, మాట్లాడకుండా గొలుసు అక్క చేతిలో పెట్టేసింది. అక్క కూడా సంచిలోంచి ఓ చేతిగడియారం తీసి బల్లమీద పెట్టింది. అది ఆయన తండ్రిది. పొరపాటున అక్క సామాన్లలో వచ్చేసింది. జాబితా కింద యిద్దరూ సంతకాలు చేశారు.

ఆ పెద్దాయన అన్నది ఉత్తమాట కాదు సుమండీ! పెళ్ళిలో ఆడపిల్లకు పుట్టింటివాళ్ళు పెట్టినా, అత్తింటివాళ్ళు పెట్టినా అది స్త్రీధనం. 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు యీ సంగతి తేల్చి చెప్పింది. అది భార్య సొంత ఆస్తి, అత్తింటివాళ్ళు దాచిపెట్టేవాళ్ళు మాత్రమే, అడిగినప్పుడు యివ్వకపోతే నేరపూరిత నమ్మకద్రోహం అవుతుందని! 2005 నాటి గృహహింస చట్టం కింద స్త్రీధనం తిరిగి యిమ్మని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. పెళ్ళి సందర్భంగా దంపతులిద్దరికీ కలిపి యిచ్చిన కానుకల సంగతి, 1955 నాటి హిందూ వివాహ చట్టం 27వ సెక్షన్ ప్రకారం కోర్టు తీర్పులోనే తేల్చవచ్చు. అవతల గొడవ వుంటుందని భయముంటే ఒంటరిగా వెళ్ళకండి. ముందు లాయర్ని కలవండి.

1987లో వచ్చిన గుల్జార్ హిందీ చిత్రం 'ఇజాజత్' చూశారా? విడిపోయిన ప్రియుణ్ణి తన సామాను పంపమని మాయ అడుగుతుంది. ఆమె అడిగేది చీరలూ, నగలూ కాదు, జ్ఞాపకాలు! ఆ పాట రాసిన గుల్జార్‌కూ, పాడిన ఆశాభోంస్లేకూ జాతీయ అవార్డులు వచ్చాయి. ఆ సామాను తిరిగి యిప్పించే చట్టం మాత్రం ఎక్కడా లేదు. మా జాబితాలోనూ పెళ్ళి ఆల్బం లేదు. అలమారులో కనబడుతూనే వుంది. యిద్దరూ చూసీ చూడనట్టు వూరుకున్నారు.

తిరుగు ప్రయాణంలో అక్క కాస్త ఏడ్చింది. సాయంత్రం మిషనుకు నూనె వేసి, సూదిలో దారం ఎక్కించింది. మొదట కుట్టింది పెద్దమ్మ జాకెట్టే!

కాబట్టి పాఠకమిత్రులారా, కట్టుబట్టలతో గడప దాటే హీరోయిన్‌కి హాల్లో చప్పట్లు కొట్టండి. మీ అక్కకో, స్నేహితురాలికో ఆ రోజు వస్తే మాత్రం కాగితం, కలం తీసుకుని పక్కన కూర్చోండి!